సోషల్ మీడియాతో పని చేయించుకోవడం ఎలా?

వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వీటిలో ఒక్కటైనా లేని స్మార్ట్‌ఫోన్ మన ఊళ్లలో ఇప్పుడు వెతికినా దొరకదు. వాటిలో రోజూ గంటో రెండు గంటలో ఎలాగూ పోతున్నాయి. అందులో సగాన్నైనా సంపాదనకో, ఉద్యోగానికో, మనకు కావలసిన మనుషుల కోసమో మళ్లించడం ఎలాగో చూద్దాం. ఉదాహరణకు ఎక్కువగా మంగళగిరి చీరలు అమ్మే ఇంటి వ్యాపారాన్నే తీసుకుంటున్నాను. మీవి పచ్చళ్లయినా, ట్యూషన్లయినా, బ్లౌజులు కుట్టే పనైనా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ముందే ఒక మాట. చాలామంది పోస్టు పెట్టడంతోనే పని అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అది పావు వంతే. వచ్చిన మనిషికి జవాబివ్వడం, మనకు కావలసింది సరైన మనిషిని చూసి అడగడం, ఇవే మిగతా ముప్పావు. వేలమంది ఫాలోయర్లుండి నెలకు నాలుగు చీరలు కూడా కదలని పేజీలున్నాయి. రెండు మూడొందల కాంటాక్టులతో వాట్సాప్ మీదే ఇల్లు గడుపుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

మొదటి అడుగు: ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి

ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరవండి. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. ఏ యాప్‌లో ఎంతసేపు ఉంటున్నారో అక్కడ కనిపిస్తుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి, అందరిదీ దాదాపు అంతే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, సోషల్ మీడియా నుంచి మీకేం కావాలో ఒక్క వాక్యంలో రాయండి. 'ఫాలోయర్లు పెరగాలి' అని రాస్తే కొట్టేయండి. 'నలుగురికీ తెలియాలి' అన్నా కొట్టేయండి. ఇలా ఉండాలి: 'అత్తయ్య నేయించే చీరల్లో నెలకు పది, షావుకారు చేతికి వెళ్లకుండా నేరుగా కొనేవాళ్ల చేతికి వెళ్లాలి.' 'బీకాం అయిన తమ్ముడికి ఆర్నెల్లలో హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం రావాలి.' 'ఇంటర్‌లో కలిసి చదువుకున్నవాళ్ల జాడ తెలియాలి.' పని అయిందో లేదో తేల్చుకునే వీలుండాలి, అంతే.

ఒకేసారి మూడు రాసుకుంటే మూడూ సగంలో ఆగిపోతాయి. ముందు ఒకటి చాలు.

రెండో అడుగు: ఆ పనికి ఏ యాప్?

అన్నిచోట్లా ఖాతా తెరవడం సులువే, అన్నిచోట్లా జవాబులివ్వడమే కష్టం. అందుకే ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి.

మన తెలుగువాళ్లు వస్తువును ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తారు, యూట్యూబ్‌లో వెతుకుతారు, బేరం మాత్రం వాట్సాప్‌లో ఆడతారు. కాబట్టి అమ్మేవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బిజినెస్ జోడీ బాగుంటుంది. ఊళ్లో దుకాణం కూడా ఉంటే గూగుల్ మ్యాప్స్‌లో దాని పేరు, వేళలు, ఫోన్ నంబరు ఎక్కించండి. ఇది ఉచితం, పైగా 'దగ్గర్లో ఎక్కడుంది' అని వెతికేవాడు కొనడానికే వెతుకుతాడు. నలభై దాటినవాళ్లు, పాత స్నేహితులు, ఊరి గ్రూపులు ఫేస్‌బుక్‌లో దొరుకుతారు. ఉద్యోగానికి లింక్డ్‌ఇన్. చేతిపని నేర్పించగలిగినవాళ్లకు యూట్యూబ్.

యూట్యూబ్ అనగానే ప్రకటనల డబ్బు గుర్తొస్తుంది కాబట్టి ఆ లెక్క కూడా చెప్పేస్తాను. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లుండాలి. వాళ్లతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో'తో గంగవ్వ ఎంత దూరం వెళ్లారో మనందరికీ తెలుసు. అయితే ఆ దారిలో బయల్దేరినవాళ్లంతా అక్కడికి చేరరు. ప్రకటనల డబ్బు వస్తే సరే అనుకోండి. దాన్నే నమ్ముకుని చేతిలో ఉన్న పని మాత్రం మానేయకండి.

మూడో అడుగు: బోర్డు కట్టండి

కొత్త మనిషి మీ ప్రొఫైల్ తెరిచిన క్షణంలో మూడు సంగతులు తెలియాలి: మీరెవరు, ఏ ఊరు, ఏం దొరుకుతుంది. ఇన్‌స్టాగ్రామ్ బయోలో 150 అక్షరాలే పడతాయి. అందులో 'కలలు కనే మనసు, అమ్మానాన్నల ముద్దుల కూతురు, చీరల ప్రేమికురాలు' అని రాస్తే చదివేవాళ్లకు ఏం కొనాలో తెలియదు. 'మంగళగిరి చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్. మగ్గం నుంచి నేరుగా. దేశమంతా పంపిస్తాం. ఆర్డర్లకు వాట్సాప్' అంటే సరిపోతుంది. చివర వాట్సాప్ లింకు పెట్టండి. డబ్ల్యూఏ డాట్ ఎంఈ (wa.me) తర్వాత ఒక వాలు గీత (/), ఆపైన 91తో మొదలుపెట్టి మీ నంబరు ఖాళీల్లేకుండా కొడితే అదే లింకు. నొక్కగానే మీతో చాట్ తెరుచుకుంటుంది, నంబరు సేవ్ చేసుకునే పని కూడా ఉండదు.

వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోవడం మంచిది. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది నేను గట్టిగా చెప్పే మాట. సొంత నంబరు ఊరంతా తిరిగాక వెనక్కి తీసుకోలేం. ఆ కొత్త నంబరు మీద వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. మన దేశంలో 2018 నుంచి ఉంది, ఉచితం. చాలామంది దాన్ని మామూలు వాట్సాప్‌లాగే వాడేసి ఊరుకుంటారు. అందులో నిజంగా పనికొచ్చేవి నాలుగున్నాయి.

ఒకటి కేటలాగ్. ప్రతి చీరకూ ఫొటో, ధర, వివరం పెట్టుకోవచ్చు. అడిగిన ప్రతివాళ్లకూ ముప్పై ఫొటోలు పంపే బాధ తప్పుతుంది. రెండు, క్విక్ రిప్లై. రోజూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకసారి రాసి దాచుకుంటే, ఒక వాలు గీత (/) కొట్టి రెండక్షరాలు టైప్ చేయగానే మొత్తం వచ్చేస్తుంది. మూడు, అవే (Away) మెసేజ్, అంటే మీరు లేనప్పుడు వెళ్లే జవాబు. రాత్రి తొమ్మిది తర్వాత ఎవరైనా రాస్తే 'నమస్తే అండీ, పొద్దున్న తొమ్మిదికి చూసి చెబుతాను' అని దానంతటదే వెళ్తుంది. దాంతో మీకు నిద్ర, వాళ్లకు భరోసా. నాలుగు, లేబుళ్లు. కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, పంపేశాం అని ఒక్కో చాట్‌కూ రంగు గుర్తు పెట్టుకోవచ్చు. శ్రావణమాసంలో రోజుకు నలభై చాట్‌లు వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

తినే వస్తువులు అమ్మేవాళ్లు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ 14 అంకెల నంబరును డబ్బా మీదా ప్రొఫైల్‌లోనూ కనిపించేలా వేయండి. దానికోసం ఉన్న ఫాస్కాస్ (FoSCoS) అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దరఖాస్తు చేసుకోవచ్చు. తెలియని చోట పచ్చడి కొనేవాళ్లు మొదట చూసేది దాన్నే.

నాలుగో అడుగు: చీరను ఫోన్‌లో పరచండి

దుకాణంలో అయితే చీర తీసి పరుస్తాం, కొంగు విప్పి చూపిస్తాం, 'చెయ్యి పెట్టి చూడండమ్మా' అంటాం. ఫోన్‌లో ఆ చెయ్యి లేదు. ఆ లోటు తీర్చేలా ఉంటే అది మంచి పోస్టు.

పొద్దున్న ఎనిమిదిన్నర తొమ్మిదింటికి వరండా నీడలో ఫొటో తీయండి. నేరుగా ఎండలో తీస్తే జరీ తెల్లగా పేలిపోతుంది, ట్యూబ్‌లైటు కింద తీస్తే మెరూన్ గోధుమరంగులోకి దిగిపోతుంది. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. కాగితం ఫొటోలో తెల్లగానే కనిపిస్తే చీర రంగు కూడా దాదాపు ఉన్నదున్నట్టే వచ్చినట్టు. పసుపుగానో నీలంగానో కనిపిస్తే చోటు మార్చండి. రామాగ్రీన్, నెమలికంఠం లాంటి రంగులు ఫోన్‌లో మోసం చేస్తాయి. వాటికి మాత్రం నీడలో ఒకటి, కిటికీ పక్కన ఒకటి, రెండు ఫొటోలు పెట్టండి.

ఒక్కో చీరకు ఐదు ఫొటోలు చాలు. మొత్తం చీర మడత విప్పి ఒకటి. అంచు దగ్గరగా ఒకటి. అంచు మీద వేలు గానీ స్కేలు గానీ పెడితే వెడల్పు ఎంతో అడగకుండానే తెలుస్తుంది. కొంగు ఒకటి. జాకెట్టు ముక్క ఒకటి. ఐదోది వెనకవైపు. చేనేత తెలిసినవాళ్లు చీర తిరగేసి చూస్తారు. మీరే తిరగేసి చూపిస్తే, ఇక్కడ దాచేదేమీ లేదని వాళ్లకు అర్థమవుతుంది.

కింద రాసే మాటలు కూడా చీర చెప్పాల్సినవే చెప్పాలి. ఒక నమూనా:

'మంగళగిరి కాటన్, 80 కౌంట్ నూలు. నెమలికంఠం రంగు, రెండు వైపులా నిజాం జరీ అంచు. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు విడిగా. గుంత మగ్గం మీద నేసింది, అక్కడక్కడ చిన్న దారపు ముడి కనిపించవచ్చు. మొదటి రెండు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో. ధర 1,850, పోస్టేజీ అదనం. ఇదొక్కటే ఉంది.'

ధర రాశానని గమనించారు కదా. 'ధర కోసం మెసేజ్ చేయండి' అనే అలవాటు నాకు ఏమాత్రం నచ్చదు. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అడిగినవాళ్లలో సగం మంది ధర వినగానే మాట్లాడరు, వాళ్లకు జవాబులిచ్చే శ్రమ మీకు మిగులుతుంది. ధర కనిపిస్తే కొనగలిగినవాళ్లే వస్తారు.

పవర్‌లూమ్ చీరను చేనేత అని మాత్రం రాయకండి. ఈ రోజుల్లో కొనేవాళ్లకూ తేడా తెలుసు, ఒక్క కామెంటుతో పరువు పోతుంది. మీది నిజంగా చేనేతే అయితే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఫొటో కూడా పెట్టండి.

వీడియోకి ముఖం చూపించాల్సిన అవసరమే లేదు. మగ్గం చప్పుడు చాలు. అడ్డదారాన్ని మోసుకెళ్లే నాడె అటూ ఇటూ పరుగెత్తడం, ఆ దారం (పేక) పడ్డాక దాన్ని అదిమే పలకను చేతులు లాగి కొట్టడం, ఇవి ఇరవై సెకన్లు నిలువుగా తీస్తే చాలామంది చివరిదాకా చూస్తారు. నేసేవారిని అడిగే తీయండి. వాళ్లు సరేనంటే పేరు కూడా రాయండి. చీర మీద వాళ్ల పేరు ఎలాగూ ఉండదు. వీడియో మీద తెలుగు అక్షరాల్లో రెండు మాటలు వేయండి, ఎందుకంటే బస్సులోనో ఆఫీసులోనో సౌండ్ తీసేసి చూసేవాళ్లు చాలామంది. కింద మాత్రం మంగళగిరి కాటన్ శారీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఒకసారి రాయండి. మనవాళ్లు తెలుగులో చదివినా, వెతకడం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

ఎప్పుడు పెట్టాలి? వారానికి మూడు పోస్టులు, ఆపకుండా. పండగ సరుకు పండగ ముందురోజు పెట్టి లాభం లేదు. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాలంటే చీర చేరాలి, ఫాల్ కుట్టించాలి, జాకెట్టు టైలర్ దగ్గరకు వెళ్లాలి. టైలర్ ఎన్ని రోజులు తిప్పుతాడో నేను చెప్పక్కర్లేదు. కనీసం నెల ముందు పెట్టండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ వారంలో చేనేత గురించి చదివేవాళ్లు ఎక్కువగా ఉంటారు, దానికి ఒక వీడియో దాచి ఉంచుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అమ్మాలనుకుంటే పొద్దున్న ఏడింటికి పెట్టండి. అప్పుడు వాళ్లకు సాయంత్రమో రాత్రో, పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ పట్టుకునే వేళ.

ఐదో అడుగు: జవాబివ్వండి

ముప్పావు వంతు అన్నది ఇక్కడే.

కామెంట్‌లో ఎవరైనా 'ఇది ఇంకా ఉందా?' అని అడిగితే అక్కడే జవాబివ్వండి. 'డీఎం (విడిగా పంపిన మెసేజ్) చూడండి' అని తప్పించుకోకండి. అదే ప్రశ్న మనసులో ఉన్న ఇంకో పదిమంది కూడా ఆ జవాబు చదువుతారు. చీర అమ్ముడుపోతే పోస్టు తీసేయక్కర్లేదు, 'అమ్ముడుపోయింది' అని రాయండి. కదులుతున్న సరుకును చూస్తే కొనేవాళ్లకూ ధైర్యం.

చాట్‌లో మాట ఇలా నడుస్తుంది:

'ఏవండీ, ఈ రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా?'

'నమస్తే మేడం. ఫోన్ స్క్రీన్‌ను బట్టి కొద్దిగా తేడా ఉంటుందండీ. విడిగా చూస్తే నీలం పాలు ఇంకాస్త ఎక్కువ. మీకు వీలైతే ఇప్పుడే ఒక నిమిషం వీడియో కాల్‌లో చూపిస్తాను.'

'సరేగానీ, పదిహేనొందలకు ఇవ్వండి.'

'అంత తగ్గించలేనండీ, నేత కూలీ కూడా రాదు. రెండు తీసుకుంటే పోస్టేజీ నేను పెట్టుకుంటాను.'

చూడండి, రంగులో తేడా ఉంటుందని అమ్మే ఆవిడే ముందుగా చెప్పింది. అడిగినావిడ వెనక్కి తగ్గలేదు, బేరంలోకి దిగింది. అమ్మే ఆవిడ కూడా బేరానికి విసుక్కోకుండా, మాట జారకుండా, ఇవ్వగలిగిందేదో చెప్పింది. ఈ ఒక్క అలవాటు తెచ్చేంత లాభం ఏ హ్యాష్‌ట్యాగూ తెచ్చిపెట్టదు.

వాపసు షరతులు డబ్బు తీసుకోకముందే చెప్పండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయమని అడగండి, లోపం ఉంటే మారుస్తామనండి, రంగు నచ్చలేదంటే ఏం చేస్తారో కూడా ఇప్పుడే తేల్చండి. చీర చేరిన మర్నాడు 'అందిందా అండీ?' అని ఒక మెసేజ్. వారం తర్వాత 'కట్టుకున్నప్పుడు ఒక ఫొటో పంపగలరా?' అని ఇంకొకటి. వచ్చిన ఫొటోను పెట్టే ముందు వాళ్ల అనుమతి అడగండి. ముఖం వద్దంటే అంచు వరకే పెట్టండి.

కొన్నవాళ్లందరినీ ఒక గ్రూపులో పడేయడం మన దగ్గర పెద్ద జబ్బు. అడగకుండా చేర్చొద్దు, గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది. బదులుగా బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి. ఒక్కో జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు, మెసేజ్ ఎవరికి వారికే విడిగా వెళ్తుంది. ఒక్క చిక్కు, మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అది చేరుతుంది. అందుకే చీరతో పాటు పార్సిల్‌లో ఒక చిన్న చీటీ పెట్టండి: 'మా నంబరు సేవ్ చేసుకుంటే కొత్త చీరలు ముందుగా మీకే చూపిస్తాం.'

ఇక లెక్క. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి: ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, కొన్నారా లేదా. 'మా గురించి ఎలా తెలిసిందండీ?' అని ప్రతివాళ్లనీ అడిగి రాసుకోండి. రెండు నెలలకు బొమ్మ తేలిపోతుంది. రీల్స్ చూసి వచ్చేవాళ్లు ఎక్కువా, పాత కస్టమరు చెప్తే వచ్చేవాళ్లు ఎక్కువా? ఏది ఎక్కువైతే మీ సమయం అటు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలో ఇన్‌సైట్స్ అని ఉంటుంది. అందులో లైకుల కంటే సేవ్ చేసుకున్నవాళ్లు, ఇంకొకరికి పంపినవాళ్లు ఎంతమందో చూడండి. చీర ఫొటోను ఎవరైనా చెల్లెలికి పంపారంటే ఆ ఇంట్లో చర్చ మొదలైనట్టే. డబ్బు పెట్టి ప్రమోట్ చేయడం ఈ లెక్క తేలాకే, అదీ ఉచితంగానే బాగా నడిచిన పోస్టుకే.

ఆరో అడుగు: ఉద్యోగం వెతికేవాళ్లకు

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటు ఉంది. మన పిల్లల్లో ఎక్కువమంది అక్కడ 'ఉద్యోగం కోసం చూస్తున్నాను' అనో 'ఫ్రెషర్' అనో రాసి వదిలేస్తారు. ఉద్యోగమిచ్చేవాళ్లు ఆ మాటలతో వెతకరు. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్ అని వెతుకుతారు. మీకు చేతనైన పనులే హెడ్‌లైన్‌లో ఉండాలి.

తర్వాత మీ కాలేజీ పేజీకి వెళ్లి అలమ్నై అనే చోట నొక్కండి. మీ కాలేజీలో చదివినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో ఉన్నారో వరసగా కనిపిస్తుంది. నన్నడిగితే ఆ సైట్ మొత్తంలో ఉద్యోగార్థికి అన్నింటికన్నా పనికొచ్చే పేజీ అదే, చాలామంది తెరిచి కూడా చూడరు. మీకంటే మూడు నాలుగేళ్లు సీనియర్లను పదిమందిని ఎంచుకోండి. మరీ పెద్ద హోదాలో ఉన్నవాళ్లకు తీరిక ఉండదు. ఉచిత ఖాతాలో ఇన్విటేషన్‌తో పాటు నోటు రాసే అవకాశం నెలకు కొన్నిసార్లే ఉంటుంది కాబట్టి ఆలోచించి వాడండి. నోటు ఇలా ఉండొచ్చు:

'నమస్తే అన్నా, నేనూ మన కాలేజీలోనే బీకాం చేశాను, ఈ ఏడాదే అయింది. జీఎస్టీ పని నేర్చుకుంటున్నాను. మీ ఆఫీసులో ఫ్రెషర్‌కి మొదట ఏ పని ఇస్తారో తెలుసుకోవాలని ఉంది. వీలైనప్పుడు చెప్పగలరా?'

ఇందులో ఉద్యోగం అడగలేదు, రెజ్యూమె అంటించలేదు. జవాబు చెప్పడానికి అవతలివారికి రెండు నిమిషాలు చాలు. ఇంగ్లిష్‌లో రాసినా ఇదే సంగతి ఉండాలి. వాళ్లు చెప్పింది విని, నెల తర్వాత 'మీరు చెప్పినట్టు ఫలానాది నేర్చుకున్నానన్నా' అని మళ్లీ రాయండి. ఖాళీ వచ్చినప్పుడు వాళ్లకు గుర్తొచ్చేది ఆ రెండోసారి రాసినవాడే.

పోస్టులు పెట్టాలా? వారానికి ఒకటి చాలు. స్ఫూర్తి మాటలు వద్దు, సూర్యోదయం ఫొటోలు వద్దు. కొనుగోళ్ల బిల్లులకూ జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే జీఎస్టీఆర్ 2బీ అనే కొనుగోళ్ల పన్ను పట్టికకూ లెక్క కలవకపోతే ఎక్కడెక్కడ వెతకాలో నేర్చుకున్నారనుకోండి, అది పది వాక్యాల్లో రాయండి. పని వచ్చిన మనిషి అని చదివినవాళ్లకు తెలిసిపోతుంది. మీ ఫేస్‌బుక్, ఎక్స్ ఖాతాల్లో పాత గొడవలు, హీరోల అభిమానుల బూతు యుద్ధాలు ఉంటే ఇంటర్వ్యూకి ముందే దులిపేయండి. పేరు కొట్టి చూసే కంపెనీలున్నాయి.

రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఖర్చు అని ముందే డబ్బడిగితే అది ఉద్యోగం కాదు. టెలిగ్రామ్‌లో 'వీడియోలకు లైకులు కొట్టండి, రోజుకు మూడు వేలు' అనేది కూడా అంతే. మొదట రెండొందలు నిజంగానే ఇస్తారు, తర్వాత 'పెద్ద టాస్క్' కోసం మీ చేత పదివేలు కట్టించుకుంటారు.

ఏడో అడుగు: మీ కోసం మీరు

అన్నీ డబ్బు కోసమే కానక్కర్లేదు. పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఒకటి సరిగ్గా నడిస్తే చాలు, ఎవరింట్లోనైనా ఆస్పత్రి అవసరం పడ్డ రాత్రి దాని విలువ తెలుస్తుంది. అలాంటి గ్రూపు పదికాలాలు నిలవాలంటే రాజకీయాలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు మరో గ్రూపులోకి పంపండి. ఇష్టాల మీద నడిచే గ్రూపులు ఇంకా బాగుంటాయి. తెలుగులో మిద్దె తోటల గ్రూపులు చూడండి, దేశవాళీ విత్తనాలు పోస్టులో పంపించుకుంటారు, ఆకు ముడత ఫొటో పెడితే గంటలో నాలుగు మందులు చెబుతారు. పరాయి దేశంలో కొత్తగా దిగిన మన పిల్లలకు గది, కారులో తోడు, పప్పు దొరికే దుకాణం కూడా అక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లోనే దొరుకుతున్నాయి.

సాయం అడగడం కూడా రాయడం రావాల్సిన పనే. రక్తం కావాలని వచ్చే మెసేజ్‌లు చూడండి. 'అర్జెంట్, బీ నెగెటివ్ కావాలి, దయచేసి షేర్ చేయండి' అని ఉంటుంది. ఏ ఊరు? ఏ రోజు? అదే మెసేజ్ నెల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది. మీరు రాస్తే ఇవన్నీ ఉండాలి: రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఆస్పత్రి పేరు, ఊరు, బ్లడ్ బ్యాంకు అక్కడే ఉందా వేరే చోటా, తేదీతో సహా ఎప్పటిలోగా కావాలి, పక్కనున్నవారి ఫోన్ నంబరు. రోగి ఆధార్, రిపోర్టులు పెట్టకండి. దొరకగానే పంపిన ప్రతి చోటా 'దొరికింది, అందరికీ కృతజ్ఞతలు' అని రాసి మెసేజ్ తీసేయండి. లేకపోతే ఆ నంబరుకు ఆరునెలలు ఫోన్లు వస్తూనే ఉంటాయి. వీధి దీపం, మురుగు కాలువ లాంటి వాటి గురించి మున్సిపాలిటీ ఖాతాను ట్యాగ్ చేసేటప్పుడూ ఇదే తీరు: ఫొటో, వీధి పేరు, దగ్గర్లోని గుర్తు, ఎన్నాళ్లుగా. తిట్లు రాస్తే లైకులొస్తాయి, దీపం మాత్రం రాదు.

ఎనిమిదో అడుగు: తలుపుకు గొళ్లెం

డబ్బు వచ్చిందని కస్టమర్ స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకండి, మీ బ్యాంకు యాప్‌లో జమ అయిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టండి. దొంగ స్క్రీన్‌షాట్ తయారుచేసే యాప్‌లున్నాయి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. ఆర్మీలో ఉన్నామని చెప్పి, ఒకేసారి ఇరవై చీరలు బుక్ చేసి, 'మా పద్ధతి వేరు, ఇది స్కాన్ చేయండి' అనేవాళ్లు పాత దొంగలే. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (ఖాతాకు రెండో తాళం) ఈరోజే పెట్టుకోండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, చెల్లెలి నంబరు నుంచే మెసేజ్ వచ్చినా సరే, ముందు ఫోన్ చేసి గొంతు వినండి. మోసపోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అసభ్యంగా రాసేవాళ్లకు సంజాయిషీలు, క్లాసులు అక్కర్లేదు, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని బ్లాక్ చేయండి. పిల్లల ఫొటోల్లో స్కూలు యూనిఫాం, బడి పేరు కనిపించనివ్వకండి. మీ పేజీ పెరిగి ఎవరైనా తమ వస్తువు గురించి చెప్పమని డబ్బో ఉచిత సరుకో ఇస్తే, అది ప్రకటన అని పోస్టులోనే స్పష్టంగా రాయాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి.

నోటిఫికేషన్లలో మెసేజ్‌లవి మాత్రం ఉంచి మిగతావన్నీ ఆపేయండి. జవాబులకు పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట కేటాయించండి. రీల్స్ చూడాలనిపిస్తే చూడండి, తప్పేమీ లేదు. కాకపోతే దాన్ని పనిగంటల్లో కలిపి లెక్క వేసుకోకండి.

చివరిది, చాలామంది వాయిదా వేసేది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు లక్షల ఫాలోయర్లున్న తెలుగువాళ్లు కూడా తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చారు. ఖాతా మీదే, కానీ ఆ చోటు మీది కాదు. అందుకే కొన్నవాళ్ల పేరు, నంబరు, ఊరు, ఏం కొన్నారో నెలకోసారి ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించండి. ఒక కాపీ మీ ఈమెయిల్‌లో, ఇంకో కాపీ ఇంట్లో మరొకరి దగ్గర ఉంచండి. దాన్ని పాస్‌వర్డ్‌తో తాళం వేసి పెట్టడం మరవకండి, అందులో ఉన్నవి మిమ్మల్ని నమ్మి ఇచ్చిన నంబర్లు.